మాటిమాటికీ పడిపోతున్న ఎంసీబీ... ఏం చెబుతోంది?

పొద్దున ఏడున్నర. బాత్రూంలో గీజరు, వంటింట్లో ఇండక్షన్ పొయ్యి, ముందు గదిలో పిల్లల యూనిఫాంకి ఇస్త్రీ... అన్నీ ఒకేసారి. ఉన్నట్టుండి 'టక్'మని చప్పుడు. అన్నీ ఆగిపోతాయి. ఇంటాయన వెళ్లి బోర్డు మూత తీసి, కిందికి పడిన మీటను పైకి ఎత్తుతారు. పావుగంటకు మళ్లీ టక్! మూడోసారి పడేసరికి 'ఈ ఎంసీబీ పాతబడిపోయింది, కాస్త పెద్దది వేయించేద్దాం' అన్న మాట వచ్చేస్తుంది.

ఆగండి. పడిపోతున్న ప్రతి ఎంసీబీ పాడైందని కాదు. పదేళ్లుగా ఒక్కసారీ పడలేదు కదా అని ధీమాగా ఉండటానికీ లేదు. దాని మాట వినడం తెలియాలి. లేకపోతే గోడలోపల కనబడకుండా వైరు కాలుతూ ఉంటుంది.

ఒక పెట్టె, ఇద్దరు కాపలాదారులు

పెద్దవాళ్లకు పింగాణీ ఫ్యూజులు గుర్తుండే ఉంటాయి. ఫ్యూజు పోతే టార్చిలైటు వెలుగులో సన్నటి తీగ చుట్టేవాళ్లం. తీగ దొరక్కపోతే మామూలు రాగి వైరులోంచి నాలుగు పోగులు తీసి కట్టేవాళ్లూ ఉండేవారు. ఆ బెడద లేకుండా చేసిందే ఎంసీబీ. పూర్తి పేరు మీనియేచర్ సర్క్యూట్ బ్రేకర్.

ఆ చిన్న ప్లాస్టిక్ పెట్టెలో ఇద్దరు కాపలాదారులుంటారు. ఒకటి రెండు లోహాలను కలిపి అతికించిన పట్టీ. కరెంటు ఎక్కువైతే వేడెక్కి మెల్లగా వంగి, కొక్కేన్ని తప్పిస్తుంది. లోడు ఎక్కువైనప్పుడు పనిచేసేది ఇదే. రెండోది తీగచుట్ట. ఎక్కడైనా రెండు వైర్లు కలిసి షార్టయితే అది అయస్కాంతంలా మారి సెకనులో చిన్న వంతులోనే కొక్కేన్ని లాగేస్తుంది.

మొదటి కాపలాదారుకు ఓపిక ఎక్కువ. 16 ఆంపియర్ల ఎంసీబీ 17 దాటగానే పడిపోదు. ప్రమాణాల ప్రకారం సుమారు 18 ఆంపియర్ల దగ్గర గంటసేపు నిలబడాలి. 23 ఆంపియర్లు దాటితే గంటలోపు పడిపోవాలి. 40 దాటితే నిమిషంలోపే పడాలి.

ఇప్పుడు పొద్దుటి లెక్క చూద్దాం. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 2000 వాట్ల గీజరుకు 8.7, ఇండక్షన్ పొయ్యికి మరో 8.7, వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెకు 4.3. మొత్తం దాదాపు 22. మూడూ ఒకే 16 ఆంపియర్ల లైను మీద ఉంటే పావుగంటకో అరగంటకో పడటంలో వింతేముంది? అక్కడ ఎంసీబీ తన పని తాను చేసింది. మార్చాల్సింది మన పద్ధతిని. లేదంటే గీజరుకు వేరే లైను వేయించుకోవాలి.

ఎప్పుడు పడుతోంది?

ఎలక్ట్రీషియన్‌ను పిలిచే ముందు ఈ ఒక్క సంగతి గమనించి పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

మీట ఎత్తిన మరుక్షణమే పడిపోతోందా? ఎక్కడో షార్టయి ఉండొచ్చు. ఒకటి రెండుసార్ల కంటే ఎత్తకండి. ఎత్తిన ప్రతిసారీ లోపల నిప్పురవ్వ లేచి కాంటాక్టులను కాలుస్తుంది.

కాసేపు ఆగి పడుతోందా? లోడు ఎక్కువైందన్నమాట. లేదా ఎక్కడో స్క్రూ వదులై వేడెక్కుతోంది.

మోటారు వేసినప్పుడే పడుతోందా? మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఎంసీబీ మీద బి16, సి16 లాంటి అక్షరాలుంటాయి చూడండి. 'బి' రకం మూడు నుంచి అయిదు రెట్ల దగ్గరే వెంటనే పడిపోతుంది. 'సి' రకం అయిదు నుంచి పది రెట్ల దాకా ఓర్చుకుంటుంది. మోటారుకు 'బి' రకం వేసి ఉంటే తప్పు అక్కడే.

ఎండాకాలం మధ్యాహ్నాలే పడుతోందా? ఇళ్ల ఎంసీబీల లెక్కలన్నీ 30 డిగ్రీల వేడి దగ్గర కట్టినవి. రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీల ఎండలో, పడమటి గోడకున్న పెట్టెలో అదే ఎంసీబీ ఇంకాస్త ముందే పడుతుంది. పెట్టెకు నీడ, గాలి ఉండేలా చూసుకోవడమే మందు.

ఒక్కొక్కటిగా తీసి చూడండి

పడిన ఎంసీబీ కింద ఉన్న సామాన్ల ప్లగ్గులన్నీ పీకేయండి. లైట్లు, ఫ్యాన్ల స్విచ్చులు కట్టేయండి. రెండు మూడు నిమిషాలు ఆగండి, లోపలి పట్టీ చల్లారాలి. మీటను ముందు పూర్తిగా కిందికి నొక్కి, తర్వాత పైకి ఎత్తండి. కొన్ని రకాల్లో పడినప్పుడు మీట మధ్యలో ఆగుతుంది. కిందిదాకా నొక్కకపోతే పైన నిలబడదు.

ఇప్పుడు నిలబడిందా? అయితే ఒక్కో వస్తువునే పెట్టి చూడండి. ఏది పెట్టగానే పడిందో దొంగ అదే. గీజరు కాయిలు, నలిగిపోయిన ఇస్త్రీపెట్టె వైరు, నీళ్లు పోసి కడిగిన మిక్సీ... ముందు అనుమానించాల్సినవి ఇవి.

ఏమీ లేకుండా కూడా నిలబడలేదా? అప్పుడు వైరింగులోనో ఎంసీబీలోనో లోపం. ఇక్కడితో మన పని అయిపోయింది. ఇక చేయాల్సింది ఎలక్ట్రీషియన్.

ముసలితనం ఎలా వస్తుంది?

ఎంసీబీ కూడా అరిగిపోతుంది. షార్టయిన ప్రతిసారీ కాంటాక్టులు కాస్త కాలతాయి. స్ప్రింగు పట్టు తగ్గుతుంది. వేడెక్కి చల్లారీ, వేడెక్కి చల్లారీ స్క్రూలు వదులవుతాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి రాగి మీద పచ్చటి చిలుము పడుతుంది. మూత సరిగ్గా లేని పెట్టెల్లో చీమలు, బల్లులు దూరి చేసే నిర్వాకం సరేసరి.

ఇంకో కారణం మన అలవాటే. చాలా ఇళ్లలో బోరు మోటారుకూ ఏసీకీ ఎంసీబీనే స్విచ్చుగా వాడతారు. ప్రమాణాల ప్రకారం ఎంసీబీ కనీసం 4 వేల సార్లు ఆపి వేయడానికి తట్టుకోవాలి. రోజుకు రెండుసార్లు వాడితే ఆ లెక్క అయిదున్నర ఏళ్లలో పూర్తవుతుంది. నాలుగుసార్లయితే మూడేళ్లు కూడా పట్టదు. మోటారుకు స్టార్టరు, ఏసీకి విడిగా స్విచ్చు పెట్టించుకుంటే ఎంసీబీ ఆయుష్షు పెరుగుతుంది.

మీట పైకి ఎత్తినప్పుడు గట్టిగా 'కటక్'మని కూర్చోకుండా వదులుగా ఆడటం, ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరగడం, కాలిన వాసన, సన్నటి గుయ్‌మనే మోత, పక్కవాటి కంటే ఇదొక్కటే ఎక్కువ వేడిగా ఉండటం... ఇవన్నీ ముసలితనపు గుర్తులే. వీటిలో ఏది కనిపించినా ఆ లైను వాడకం ఆపేసి ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

పడవవాళ్ల లెక్క

సముద్రంలో తెరచాప పడవల మీద తిరిగేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. దీపాలు, రేడియో, దారి చూపే యంత్రం అన్నీ 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. ఒక్కోదానికీ ఒక బ్రేకరు. దాన్నే రోజూ స్విచ్చుగా కూడా వాడతారు. చుట్టూ ఉప్పుగాలి. బ్రేకరు లోపల కాంటాక్టు అరిగి, పదోవంతు ఓమ్ అడ్డు ఏర్పడిందనుకోండి. 5 ఆంపియర్లు వెళ్తే అర వోల్టు అక్కడే ఖర్చయిపోతుంది. 12లో అర వోల్టు చిన్న లెక్క కాదు. దీపం మసకబారుతుంది. బ్యాటరీ కాస్త తగ్గి ఉంటే రేడియో ఆగి ఆగి పలుకుతుంది. అంటే జబ్బు ముందే బయటపడుతుంది.

మన ఇంట్లో అలా కాదు. అదే అడ్డు మీదుగా 10 ఆంపియర్లు వెళ్తే పోయేది ఒక్క వోల్టు. 230కి బదులు 229 వస్తే ఏ బల్బూ మసకబారదు. కానీ అక్కడ 10 వాట్ల వేడి పుడుతుంది. 20 ఆంపియర్లయితే 40 వాట్లు. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు! సోల్డరింగ్ ఐరన్ ఒకటి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూతేసినట్టే. ఇంటి ఎంసీబీ జబ్బు ఇలా గుట్టుగా ముదురుతుంది. అందుకే వాసన, వేడి, రంగు గమనించడం ముఖ్యం.

పడవ మీద చేసే పరీక్షే ఇంట్లోనూ పనికొస్తుంది. లోడు నడుస్తుండగా బ్రేకరుకు అటూ ఇటూ మీటరు పెట్టి, ఎన్ని వోల్టులు పోతున్నాయో చూస్తారు. అదే రకం, అదే లోడు ఉన్న పక్కదానితో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ చూపించేది అరిగిపోయినట్టు. కరెంటు ఉండగా చేసే పరీక్ష ఇది. మీరు ప్రయత్నించకండి, ఎలక్ట్రీషియన్‌నే చేయమనండి.

ఆయన చేయగల మరో రెండు పనులున్నాయి. ఒకటి, క్లాంప్ మీటరుతో అసలు ఎన్ని ఆంపియర్లు వెళ్తున్నాయో చూడటం. 9 ఆంపియర్లకే 16 ఆంపియర్లది పడిపోతుంటే ఎంసీబీనో, వదులైన స్క్రూనో అనుమానించాలి. రెండోది, మెయిన్ ఆపి, ఎంసీబీ నుంచి బయటికి వెళ్లే వైరు విప్పి, మళ్లీ వేసి చూడటం. వైరు లేకుండా కూడా పడితే తప్పు ఎంసీబీది. నిలబడితే తప్పు వైరింగుది.

పెద్దది వేయించేద్దామా?

అన్నిటికంటే ప్రమాదకరమైన మరమ్మతు ఇదే. 16 తీసి 32 పెడితే పడటం మానేస్తుంది, నిజమే. కానీ ఎంసీబీ కాపలా కాసేది గోడలో ఉన్న వైరుకు. ఆ వైరు ఎంత మోయగలదో చూసి ఎంసీబీ వేస్తారు. వైరు పాతదే ఉంచి ఎంసీబీ పెద్దది చేస్తే, లోడు ఎక్కువైనప్పుడు ముందుగా కాలేది వైరే. మన పాత ఇళ్లలో లైట్లకు వేసిన సన్న వైరు మీదే తర్వాత ఫ్రిజ్, ఒవెన్ చేరిపోయి ఉంటాయి. పెద్ద ఎంసీబీ కావాలంటే ముందు పెద్ద వైరు లాగించాలి. కొత్తది కొనేటప్పుడు పాతదాని ఆంపియర్లు, 'బి'నా 'సి'నా అన్నది రాసుకుని వెళ్లండి. ఐఎస్‌ఐ గుర్తు చూసి బిల్లుతో తీసుకోండి. ఎంసీబీ ఖరీదు కొద్ది వందలే. దాని దగ్గర పొదుపు వద్దు.

ఇవి మరచిపోవద్దు

* ఎంసీబీ షాకు నుంచి కాపాడదు. అందుకు ఆర్‌సీసీబీ కావాలి. ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్లది వాడతారు. దాని మీద 'టి' అని ఉండే బటన్‌ను మూడు నెలలకోసారైనా నొక్కండి. కరెంటు ఉన్నప్పుడు నొక్కితే వెంటనే పడిపోవాలి. పడకపోతే మార్పించండి. నొక్కే ముందు కంప్యూటర్ కట్టేయండి.

* వానాకాలంలో ఆర్‌సీసీబీ పడుతుంటే ఎక్కడో తడి చేరినట్టు. స్విచ్చులు కట్టేస్తే చాలదు, ప్లగ్గులు పీకి చూడాలి.

* ఎప్పుడూ కదపని ఎంసీబీ బిగుసుకుపోవచ్చు. ఆరు నెలలకోసారి ఆ లైను మీది సామాన్లన్నీ ఆపి, రెండు మూడుసార్లు కిందికి పైకి కదపండి.

* ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపినా కొన్ని వైర్లలో కరెంటు ఉంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు ఈ మాట ముందే చెప్పండి.

* మీట కింద పడి ఉన్నా ఎంసీబీకి కరెంటు వచ్చే వైపు కరెంటు ఉన్నట్టే. మూత లోపల వేలు పెట్టకండి.

* ఏ ఎంసీబీ ఏ గదిదో చిన్న చీటీ మీద రాసి మూత లోపల అంటించండి. రాత్రిపూట కాలిన వాసన వస్తే ఏ మీట దించాలో ఇంట్లో పిల్లలకు కూడా తెలిసి ఉండాలి.