బరువు నాది... బాధ్యత ఎవరిది?

2025 ఫిబ్రవరిలో ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఊబకాయం గురించి మాట్లాడుతూ, నెలనెలా కొనే వంటనూనెలో 10 శాతం తగ్గించుకోమని చెప్పారు. ఆ ఏడాది ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి కూడా అదే మాట. మంచి మాటే, కాదనను. అయితే టీవీ ముందు కూర్చున్న మా ఆయన వంటింటి వైపు తిరిగి "విన్నావా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. నూనె తగ్గించాల్సింది నేను. పప్పులోకి అప్పడాలు ఏవీ అని అడిగేది ఆయన!

ఆ "విన్నావా?" వెనక చాలా కథ ఉంది. ఇంట్లో ఎవరు లావెక్కినా నేరం వంట చేసే ఆడదాని మీదకే వస్తుంది. ఆ ఆడదే లావుగా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఇది నా అనుభవం. 2023 ఆగస్టులో నేను బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. మా బంధువుల్లో చాలామందికి ఇప్పటివరకూ అది ‘హెర్నియా ఆపరేషన్’. ఈ వ్యాసంతో ఆ అబద్ధానికి స్వస్తి చెబుతున్నాను.

అందం కోసమా?

అప్పుడు నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 104 కిలోలు. ఎత్తునీ బరువునీ కలిపి లెక్కగట్టే బీఎంఐ దాదాపు 42. ఎనిమిదేళ్ళుగా షుగరు. రాత్రిళ్ళు నిద్రలో ఊపిరాగిపోయి ఉలిక్కిపడి లేచేదాన్ని. నడక, తేనె నిమ్మరసం, కొర్రన్నం, రాత్రి పుల్కాలు... నేను చేయనిది లేదు. ఎనిమిది కిలోలు తగ్గడం, పది కిలోలు పెరగడం. "నోరు కట్టుకోవే" అన్నవాళ్ళే గానీ, నిద్ర పడుతోందా అని అడిగినవాళ్ళు లేరు. చివరికి ఒక డాక్టరుగారు "ఇది మీ తప్పు కాదమ్మా, జబ్బు" అన్నారు. ఆ ఒక్క మాటకి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆపరేషన్ అనగానే మా చిన్నాన్న ఆర్తీ అగర్వాల్ పేరెత్తారు. 2015 జూన్‌లో ఆమె అమెరికాలో చనిపోయినప్పుడు, కొన్ని వారాల ముందే లైపోసక్షన్ చేయించుకుందని పత్రికలు రాశాయి. కానీ అది వేరు, ఇది వేరు. లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వుని పీల్చి తీయడం. అది ఊబకాయానికి వైద్యం కాదు. నాకు చేసింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. పొట్ట మీద చిన్న రంధ్రాలు చేసి, జీర్ణాశయంలో నాలుగింట మూడొంతులకు పైగా కత్తిరించి తీసేస్తారు. మిగిలేది అరటిపండంత సంచి. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దాంతోపాటే పోతుంది. అలాగని ప్రమాదం లేదని కాదు. కుట్టు దగ్గర లీకవడం, రక్తస్రావం, రక్తం గడ్డకట్టడం వంటివి జరగొచ్చు. 2024లో చెన్నైలో ఇలాంటి ఆపరేషన్‌కే వెళ్ళిన ఒక యువకుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అందుకే పెళ్ళిచూపుల కోసమో, చీర కట్టు బాగుండాలనో వెళ్ళాల్సిన ఆపరేషన్ కాదిది.

మా బీమా ఆఫీసు వాళ్ళు కూడా మొదట "అందం కోసం చేయించుకునేవాటికి డబ్బివ్వం" అనే అన్నారు. కానీ బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు వేరే చెబుతున్నాయి. 18 ఏళ్ళు నిండి, బీఎంఐ 40 గానీ అంతకు మించి గానీ ఉన్నవాళ్ళకీ, కనీసం 35 ఉండి, అదుపులో లేని షుగరో, గుండెజబ్బో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో ఉండి వేరే మార్గాలు ఫలించనివాళ్ళకీ, డాక్టరు సలహా మీద చేసే ఈ ఆపరేషన్‌ని ‘బరువు తగ్గించుకోవడం’ అన్న నెపంతో తోసిపుచ్చకూడదు. ఆ నిబంధన చూపించి ఉత్తరం రాస్తే, రెండు నెలలకి కొంత డబ్బు వచ్చింది. ఈ సంగతి తెలియక నగలు తాకట్టు పెట్టుకునేవాళ్ళు ఎంతమందో!

అసలు కథ తర్వాతే

ఆపరేషన్ రెండు గంటలు. ఆసుపత్రిలో మూడు రోజులు. తర్వాత రెండు వారాలు ద్రవాలే. ఆపైన మెత్తగా చేసిన పప్పు, పెరుగు. నెలన్నరకి మామూలు తిండి, అదీ అర ఇడ్లీ. అన్నం తింటూ నీళ్ళు తాగకూడదు. ముద్ద ముద్దకీ బాగా నమలాలి. రోజుకి 60 గ్రాములకు తగ్గకుండా మాంసకృత్తులు, ఇనుము, బీ12, కాల్షియం, విటమిన్ డీ మాత్రలు... ఇవి జీవితాంతం. ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. నాలుగో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. అదీ మామూలేనట.

ఏడాది తిరిగేసరికి 71 కిలోలకి వచ్చాను. షుగరు మాత్రలు ఆగిపోయాయి. హాయిగా నిద్రపోతున్నాను. ఇదంతా నిజం. కానీ ఒకప్పుడు "ఏం తింటుందో ఏమో" అన్నవాళ్ళే "ఏం జబ్బు చేసిందో ఏమో" అనడం మొదలుపెట్టారు. ఒక పెళ్ళిలో మా పెద్దత్తయ్య, నాకు జరిగింది తెలియక, "ఇదేం తిండే తల్లీ" అంటూ పులిహోర మళ్ళీ వడ్డించి, తినేదాకా కదల్లేదు. పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. తప్పు ఆవిడది కాదు, దాచిన మాది.

అంతకన్నా పెద్ద తప్పు నేనే చేశాను. మా అమ్మాయి పదో తరగతి పరీక్షల ఏడాదిలో ఆరు నెలలు నా మాత్రలు మానేశాను. మామయ్యగారి బీపీ మాత్ర ఏ వేళకో నాకు తెలుసు. మా ఆయన థైరాయిడ్ మాత్ర పరగడుపునే అందిస్తాను. అమ్మాయి పాలల్లో ఏం కలపాలో తెలుసు. నా మాత్రల డబ్బా మాత్రం ఫ్రిజ్ మీద దుమ్ము కొట్టుకుపోయింది. మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి పడితే పరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ 7.8! "కడుపు కోసి చిన్నది చేశాను గానీ, మీ ఇంట్లో మీ వంతుని చిన్నది చేయలేదు కదమ్మా" అన్నారు డాక్టరుగారు.

ఇది నా ఒక్కదాని సంగతి అనుకోను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో అధిక బరువో ఊబకాయమో ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. దేశం మొత్తం మీద 24 శాతం. అదే సర్వేలో అదే వయసు స్త్రీలలో రక్తహీనత ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే మన ఆడవాళ్ళలో లావూ ఉంది, బలహీనతా ఉంది. అందరూ తిన్నాక, మిగిలిన అన్నమూ చారూ కలుపుకుని తినే ఇల్లాలికి ఒంట్లో కొవ్వు చేరుతుంది గానీ రక్తం పట్టదు. అలాంటి ఒంటికి ఈ ఆపరేషన్ చేసి, తర్వాత పట్టించుకోకపోతే ఏమవుతుందో నన్ను చూస్తే చాలు.

ఇప్పుడు దారి ఇంకా వెడల్పవుతోంది. 2022లో రెండు అంతర్జాతీయ వైద్య సంఘాలు, ఆసియావాసులకి బీఎంఐ 27.5 నుంచే ఈ ఆపరేషన్‌ని ఆలోచించవచ్చన్నాయి. 2025లో మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాయి. అవసరమైనవాళ్ళకి ఇవి మేలే చేస్తాయి. కానీ ఇంజెక్షన్ మానేస్తే బరువు తిరిగి రావడం మామూలే. ఆపరేషన్ తర్వాతైనా అజాగ్రత్తగా ఉంటే బరువు పెరుగుతుంది. బీమా కోతకి డబ్బిస్తుంది, ఇంటికొచ్చాక కొన్నాళ్ళ ఖర్చూ ఇస్తుంది. జీవితాంతం మింగే మాత్రలు మాత్రం మన పర్సులోంచే. ఇంటి ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే మొదట ఆగేది ఎవరి మాత్రలో వేరే చెప్పాలా?

కాబట్టి ఈ ఆలోచనలో ఉన్న అక్కచెల్లెళ్ళకి నేను చెప్పేది ఒకటే. డాక్టరుని "ఎన్ని కిలోలు తగ్గుతాను?" అని అడిగేముందు, ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి "తర్వాత నా సంగతి ఎవరు చూస్తారు?" అని అడగండి. దాచకండి. దాచినకొద్దీ పులిహోర వడ్డించేవాళ్ళు ఎక్కువవుతారు.

మా ఇంట్లో ఇప్పుడు నా మాత్రల డబ్బా ఫ్రిజ్ మీద లేదు, భోజనాల బల్ల మీద ఉంది. రాత్రి కంచాలు పెట్టేటప్పుడు "వేసుకున్నావా?" అని మా ఆయన అడగాలి. అది ఆయన వంతు పని. "విన్నావా?" నుంచి "వేసుకున్నావా?" దాకా రావడానికి మా ఇంటికి ఒక ఆపరేషనూ, ఒక రక్తపరీక్షా కావాల్సి వచ్చాయి. మీ ఇంటికి అంతదాకా రాకూడదనే ఇదంతా రాశాను.