ట్యూన్ కట్టే పిల్లల చెవులు జాగ్రత్త!

గుంటూరు జిల్లా ప్రత్తిపాడులాంటి ఊళ్లోనూ ఇంటర్ పరీక్షలు అవగానే ఫోన్లో బీట్లు కట్టే పిల్లలుంటారు. ‘ఈ డప్పులేంట్రా’ అని కసురుకోకండి. ఖర్చూ పెద్దగా లేదు. ఫోన్లో బ్యాండ్‌ల్యాబ్, కంప్యూటర్లో ఎల్‌ఎంఎంఎస్ ఉచితమే. కీబోర్డు ఆర్నెల్లు ఆగి కొనొచ్చు. ఒకప్పుడు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన రెహమాన్ 1989లో స్టూడియో కట్టుకున్నదీ ఇంటి పెరట్లోనే. పత్తి జిన్నింగ్ మిల్లు చప్పుడును రికార్డు చేసి తాళంగా వాడుకున్నా బాగుంటుంది.

మా బెంగల్లా చెవుల గురించే. పాట వినేవాళ్లు ఒకసారి విని వదిలేస్తారు. కట్టేవాళ్లు ఎనిమిది సెకన్ల ముక్కనే గంటసేపు తిప్పితిప్పి వింటారు. చెవి అలసి, సౌండ్ తగ్గినట్టనిపిస్తుంది. ఇంకాస్త పెంచుతారు. రాత్రి అదిరిందనుకున్న ట్యూన్ పొద్దున వింటే చెవుల్లో గుచ్చుకోవడానికి ఇదీ ఒక కారణం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దలకు 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటల వరకు ఫర్వాలేదు. 90 అయితే 4 గంటలే! (పెళ్లి డీజే పెట్టెల ముందు ఎగిరేవాళ్లకు ఈ లెక్క ఎవరు చెప్పాలి?) పిల్లలకైతే 75 దాటకూడదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు.

సౌండ్ 60 శాతం దాటనివ్వకండి. గంటకోసారి హెడ్‌ఫోన్ తీయించండి. అర్ధరాత్రి దాకా కూర్చోనివ్వకండి. చెవిలో గుయ్‌మనే మోత మర్నాటికీ తగ్గకపోతే నూనె చుక్కలు వేయకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.