నింగిలో ద్విపద



2004లో ఒక ఫాల్గుణమాసపు సాయంత్రం మా ఊరి బడి ఆవరణలో నలభైమంది పిల్లలను నిలబెట్టి, "ఏడుగంటల పదకొండు నిమిషాలకు ఉత్తరాన ఒక చుక్క పుడుతుంది, శుక్రుణ్ణి మించి వెలుగుతుంది, మీరు ఇరవై లెక్కపెట్టేలోగా ఆరిపోతుంది" అని ప్రకటించాను. తెలుగు చెప్పుకొనే వాడికి ఈ ఖగోళం ఎందుకని నవ్విన లెక్కల మాస్టారు కూడా వచ్చి నిలబడ్డారు. చెప్పిన వేళకు చుక్క వచ్చింది. కాని సాదాచుక్కగానే వచ్చి, మసకమసకగా కాస్త దూరం కదలి, మాయమయింది. పిల్లలు మర్యాదకు చప్పట్లు కొట్టారు. అంతకంటె నవ్వినా బాగుండేది.

తప్పు నాదే. హెవెన్స్ ఎబవ్ అనే జాలస్థలిలో మా పల్లె పేరు కనబడక, జిల్లా కేంద్రానికి కట్టిన లెక్కను మా ఊరికి వర్తింపజేశాను. నడుమ ఉన్నది ముప్పై కిలోమీటర్లే గదా అనుకున్నాను. ఆ ముప్పైలోనే ఉంది అసలు సంగతంతా.

ఆ చుక్క ఇరిడియం అనే ఫోను కంపెనీవారి ఉపగ్రహం. 1997లో మొదలుపెట్టి సుమారు 780 కిలోమీటర్ల ఎత్తున నిలిపిన శ్రేణి అది. ఒక్కొక్కదానికి తలుపు రెక్కంతేసి యాంటెన్నాలు మూడు, అద్దంలా తళతళలాడే పూతతో ఉండేవి. పిల్లవాడు అద్దం పట్టుకొని గోడమీద ఎండపొడ ఆడించినట్టు, అవి సూర్యకాంతిని నేలమీదికి విసిరేవి. ఆ పొడ నడిమిభాగం వెడల్పు పదికిలోమీటర్ల లెక్కలో ఉండేది. దాని నడుమ నిలిచినవాడికి శుక్రుడు వెలవెలబోయేంత వెలుగు. పక్క ఊరివాడికి మామూలు చుక్క.

పేరు సంగతి చెప్పకుండా ఉండలేను, వృత్తిదోషం. మొదట 77 ఉపగ్రహాలు అనుకొని 77వ మూలకం పేరు పెట్టుకున్నారు. తరువాత 66 చాలునని తేలింది. 66వ మూలకం డిస్ప్రోసియం. గ్రీకులో దానికి 'దొరకడం దుర్లభమైనది' అని అర్థం. ఫోనుకు అంతకంటె అపశకునపు పేరు ఉంటుందా? ఇంద్రధనుస్సు పేరే ఉంచుకున్నారు. అయినా 1999లో దివాలా తప్పలేదు. మరుసటి ఏడు కొత్త యజమానులు కొని నిలబెట్టారు.

ఇక నన్ను ఈ విద్యలోకి లాగింది ఆ వెలుగు కాదు, దాని లెక్క. ఉపగ్రహం ఎక్కడుందో చెప్పే కక్ష్యాంశాలు రెండే వరుసలు, వరుసకు 69 అక్షరాలు. అచ్చంగా ద్విపద! ఏ స్థానంలో ఏమి రావాలో నియతం: ఇక్కడ కాలం, ఇక్కడ కక్ష్య వాలు, ఇక్కడ రోజుకు ఎన్ని చుట్లు. పాదాంతంలో ఒక్క అంకె కాపలా ఉంటుంది. ముందున్న అంకెలన్నీ కూడి, ఋణచిహ్నానికి ఒకటి చొప్పున కలిపితే, మొత్తంలో ఒకట్ల స్థానంలోని అంకె అదే కావాలి. కాకపోతే ఎక్కడో వ్రాతతప్పు దొర్లినట్టు. యతి తప్పితే పాఠదోషాన్ని శంకించే మనకు ఇది కొత్తదా?

అయితే పంచాంగానికీ దీనికీ ఒక భేదముంది. గ్రహణాన్ని నూరేళ్ళ ముందు కట్టవచ్చు. చంద్రుణ్ణి గాలి ఆపదు. ఈ ఎత్తులలో పలుచని గాలి ఇంకా ఉంటుంది. సూర్యుడు చెలరేగితే అది ఉబ్బి ఉపగ్రహాన్ని మరింతగా లాగుతుంది. దానికి తోడు కంపెనీవారు ఎప్పటికప్పుడు ఇంజన్లు మండించి దారి సరిచేస్తుంటారు. కనుక ఈ ద్విపద కొద్దిరోజులకే పాతబడుతుంది.

పాతబడితే నాలాంటివాడికి చప్పట్లు దక్కవు, అంతే. 2009 ఫిబ్రవరి 10న జరిగినది వేరు. ఇరిడియం 33, ఏనాడో మూలబడిన రష్యా ఉపగ్రహం కాస్మోస్ 2251, సైబీరియా మీద ఢీకొన్నాయి. బహిరంగంగా దొరికే అంశాలతో కట్టిన లెక్క, అవి 584 మీటర్ల ఎడంతో తప్పుకొంటాయని చెప్పింది. ఆనాటి జాబితాలో అంతకంటె దగ్గరి జంటలు ఉన్నాయి గనుక దీనిమీద ఎవరి కన్నూ నిలువలేదు. రెండువేల దాకా శకలాలు లెక్కకెక్కాయి.

ఇప్పుడు నా మాట. ఈ కక్ష్యాంశాలు ప్రధానంగా అమెరికా సైన్యం గమనించి ప్రకటించేవి. కాని తన ఉపగ్రహం ఎక్కడుందో దాని యజమానికే ఎక్కువ కచ్చితంగా తెలుస్తుంది. కనుక ఆ స్థానాన్ని, రేపు జరుపబోయే చోటును కూడా, అందరికీ ముందే ప్రకటించడం అనుమతిపత్రంలోనే షరతు కావాలి. స్టార్‌లింక్ వారు తమవి బయటపెడుతున్నారు, సంతోషం. అది ఒకరి మంచితనంగా మిగిలిపోకూడదు. వ్యాపార రహస్యమంటారా? గూఢచారి ఉపగ్రహాలనే దుర్భిణితో, స్టాప్‌వాచీతో పట్టుకొంటున్న ఔత్సాహికులున్నారు. నెత్తిమీద వెలిగేదానికి రహస్యమేమిటి?

ఈ మాట మనకు పరాయిది కాదు. 2025 డిసెంబరు 24న మన శ్రీహరికోట నుంచే, ఆరు టన్నులు దాటిన బ్లూబర్డ్ అనే అమెరికా వాణిజ్య ఉపగ్రహాన్ని పైకి పంపారు. దాని యాంటెన్నా 223 చదరపు మీటర్లు, మా ఇంటి స్థలం కంటె పెద్దది. దాని పూర్వజ బ్లూవాకర్ 3, 64 చదరపు మీటర్లతోనే, ఒక్కోసారి ఆకాశంలోని ప్రధాన నక్షత్రాలతో పోటీపడింది. టవరు లేని కొండగూడెంలో సాధారణ ఫోను మోగితే నేనూ సంతోషిస్తాను. ఇరిడియం వెలుగును పిల్లలకు పండుగలా చూపినవాణ్ణి, ఇప్పుడు వెలుగే నేరమనడం నాకు చేతకాదు. వేళ చెప్పి వెలగమంటున్నాను.

ఆ పాత ఇరిడియాల స్థానంలో 2019 నాటికి కొత్తవి వచ్చాయి. వాటికి ఆ అద్దాలు లేవు.

అన్నట్టు, ఆ చైత్రంలో సర్వే పటం తెచ్చి, మా బడికి అక్షాంశ రేఖాంశాలు తీసి, మళ్ళీ పిల్లలను పిలిచాను. పదకొండుమందే వచ్చారు. వెలుగు వచ్చినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక పిల్ల మాత్రం నా పంచె కుచ్చిళ్ళు గట్టిగా పట్టుకొంది. లెక్కల మాస్టారు ఆరోజు రాలేదు.