రోళ్లు పగిలే ఎండల్లో ఫ్లూ టీకా!

రోహిణి కార్తె. బయట రోళ్లు పగిలే ఎండ. ఇంట్లో డెబ్బై ఏళ్ల పెద్దాయనకు మధుమేహం. ‘మావయ్యా, ఈసారి ఫ్లూ టీకా వేయించుకోండి’ అంటుంది కోడలు. ‘ఈ ఎండల్లో జలుబేంటమ్మా! చలికాలం రానీ, చూద్దాం’ అంటారాయన. చాలా ఇళ్లలో వినిపించే మాటే ఇది. తీరా ఆగస్టులో ముసురు పడుతుంది. బడి నుంచి మనవడు దగ్గుతూ వస్తాడు. వాడు మూడు రోజుల్లో లేచి ఆడుకుంటాడు. తాతయ్య మాత్రం నిమ్మొచ్చి ఆసుపత్రిలో చేరతారు.

పెద్దాయనను తప్పుపట్టడానికి లేదు. ఫ్లూ చలికాలపు జబ్బని అందరూ విన్నదే. అయితే అది అమెరికా, ఐరోపా దేశాల లెక్క. శ్రీనగర్‌లోనూ దాదాపు అంతే. తెలుగునాట ఫ్లూ ఎక్కువగా వానలతో పాటే వస్తుంది. జులై నుంచి సెప్టెంబరు, అక్టోబరు దాకా జోరు చూపుతుంది. జనవరి నుంచి మార్చి మధ్య మరోసారి తలెత్తుతుంది. వానల్లో తలుపులు మూసుకుని అందరూ ఒకేచోట ఉండటం, బడులు తెరవటం వైరస్‌కు బాగా కలిసొస్తాయి.

రెండు వారాలు ముందు

టీకా వేయించుకున్న రోజే రక్షణ రాదు. ఒంట్లో యాంటీబాడీలు తగినంత తయారవటానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అలాగని మరీ ముందుగా వేయించుకున్నా చిక్కే. నెలలు గడిచేకొద్దీ రక్షణ తగ్గుతూ వస్తుంది. అందుకే తెలుగు రాష్ట్రాల వారికి మే చివరి నుంచి జూన్ నెలాఖరు వరకు అనువైన సమయం.

పిల్లల విషయంలో ఇంకాస్త ముందే మేలుకోవాలి. ఆరు నెలలు దాటి తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారి వేయిస్తుంటే, నాలుగు వారాల తేడాతో రెండు మోతాదులు కావాలి. వేసవి సెలవుల్లోనే మొదలుపెడితే, బడికి వెళ్లేనాటికి రెండోదీ పూర్తవుతుంది.

పెట్టె మీద ఏముంది?

ఫ్లూ వైరస్ ఏటా వేషం మారుస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఏడాదికి రెండుసార్లు సమావేశమై టీకాలో ఏ రకాలుండాలో చెబుతారు. ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి. భారతదేశం ఉన్నది ఉత్తరార్ధంలోనే అయినా, వానల ముందు వేయించుకునేవారికి ఆ ఏడాది దక్షిణార్ధగోళపు టీకాయే సరిపోతుంది. పెట్టె మీద సంవత్సరం, గడువు తేదీ, ఏ గోళానిదన్నదీ ఉంటాయి. వేయించుకునే ముందు వాటిని చూపించమని అడగండి.

అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్లి చలికాలమంతా అక్కడే ఉండే తల్లిదండ్రులకు లెక్క వేరు. అక్కడ సెప్టెంబరు, అక్టోబరు నెలలు సరైన సమయం. ఇక్కడ జూన్‌లో వేయించుకున్నా, అక్కడి కొత్త టీకా గురించి వైద్యుడిని అడగాలి.

ఎవరికి తప్పనిసరి?

వృద్ధులు, గర్భిణులు, అయిదేళ్లలోపు పిల్లలు, మధుమేహం, ఉబ్బసం, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు అశ్రద్ధ చేయకూడదు. గర్భిణులు ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. ఆరు నెలలు నిండని పసికందుకు టీకా వేయరు కాబట్టి, తల్లి వేయించుకున్నదే బిడ్డకూ కొంత కాలం అండ. గతంలో ఈ టీకాతో తీవ్రమైన అలర్జీ వచ్చినవారు మాత్రం వేయించుకోరాదు. బాగా జ్వరంగా ఉంటే తగ్గాక వేయించుకోవచ్చు.

టీకాతోనే ఫ్లూ వస్తుందన్న భయం అక్కర్లేదు. సూదిమందులో బతికున్న వైరస్ ఉండదు. చేయి నొప్పి, ఒకటి రెండు రోజులు నలత మామూలే. మామూలు జలుబును ఈ టీకా ఆపదు. ఫ్లూనీ నూటికి నూరుపాళ్లు ఆపలేదు. కానీ జబ్బు ముదిరి ఆసుపత్రి పాలయ్యే ముప్పును తగ్గిస్తుంది.

జూన్ దాటిపోతే?

అప్పుడూ ఆలస్యం చేయకుండా వేయించుకోవటమే మంచిది. వానలు వెళ్లాక జనవరి గండం ఉండనే ఉంది. 2009 మేలో దేశంలో తొలి స్వైన్‌ఫ్లూ కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే. అదే వైరస్ 2015 జనవరిలో తెలంగాణను మళ్లీ వణికించింది. ఇప్పుడది ఏటా వచ్చే ఫ్లూ రకాల్లో ఒకటి. టీకాలో దానికీ చోటుంది.

ఒకసారి వేయించుకుంటే చాలదు, ఏటా కావాలి. తేదీ గుర్తుండదంటారా? ఇంట్లో కొత్తావకాయ జాడీకి వాసెన కట్టే రోజులే ఫ్లూ టీకా రోజులని గుర్తుపెట్టుకోండి. పెద్దాయనకు ఆ ముక్క చెబితే, చలికాలం దాకా ఆగుదామని ఇక అనరు.