రన్‌వేలు సరే, రోజూ విమానమేదీ?

కర్నూలు విమానాశ్రయం ఉన్న ఓర్వకల్లు నుంచి విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి గగనతల దూరం సుమారు 300 కిలోమీటర్లు. ఏటీఆర్ విమానానికి అది గంట ప్రయాణం. రోడ్డు మీద వెళ్లాలంటే నల్లమల దాటుకుని దాదాపు 350 కి.మీ., ఆరేడు గంటలు. ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలోనే ప్రారంభమైంది. అక్కడి నుంచి విజయవాడకు నేరుగా విమానం ఎగరడానికి మాత్రం 2025 జులై దాకా ఆగాల్సి వచ్చింది. అదీ వారానికి మూడు రోజులే! ఒకనాడు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా వెలిగిన నగరానికి, నేటి రాజధాని ప్రాంతానికి మధ్య ఇదీ రాకపోకల తీరు.

సచివాలయంలో పని ఉన్న కర్నూలు వాసి లెక్క ఎలా ఉంటుందో చూడండి. ఓర్వకల్లు చేరడానికి అరగంట, విమానాశ్రయంలో నిరీక్షణ గంట, ఆకాశంలో గంట, గన్నవరం నుంచి సచివాలయం ఉన్న వెలగపూడికి మరో గంట పైచిలుకు. నాలుగు గంటల్లోపే పని చోటుకు చేరవచ్చు. కానీ ఆ రోజు తిరుగు విమానం దొరకకపోతే రాత్రికి లాడ్జి తప్పదు. విమానం లేని రోజున పని పడితే రాత్రి బస్సే గతి. ఇలాంటి సర్వీసును నమ్ముకుని ఎవరు ప్రయాణం పెట్టుకుంటారు?

ఈ జబ్బు కర్నూలుది మాత్రమే కాదు. చిన్న నగరాలను కలపడానికి కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్‌లో తొలి సర్వీసుల్లోనే కడప–హైదరాబాద్ విమానం ఎగిరింది. ఆరేళ్ల తర్వాత కాగ్ తేల్చిన లెక్క చేదుగా ఉంది. కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల రాయితీ గడువు పూర్తి చేసినవి 112. గడువు దాటాక 2023 మార్చి నాటికి నిలిచినవి 54 మాత్రమే.

ప్రయాణికులు లేనిదే విమానం ఎలా నడుపుతామన్నది సంస్థల వాదన. నష్టానికి నడపమని ఎవరూ అడగరు. అయితే వారానికి మూడు రోజులు నడిపి, సీట్లు నిండలేదని ఆపేయడం న్యాయం కాదు. జనం అలవాటు పడేదాకా రోజూ నడపాలి. ఆ మధ్యకాలపు లోటును ప్రభుత్వం భరించాలి. ఊరూరికీ బస్సు తిప్పినప్పుడు లాభనష్టాలే చూడని ప్రభుత్వం, రాయలసీమను రాజధానితో కలిపే మార్గానికి ఖర్చు పెట్టడానికి వెనుకాడకూడదు.

కుప్పం, దగదర్తి, తాడేపల్లిగూడెం, నాగార్జునసాగర్ వంటి చోట్ల కొత్త విమానాశ్రయాల ప్రతిపాదనలు ఉన్నాయి. వాటిపై ముందుకు వెళ్లే ముందు ఉన్నవాటిని నిండుగా వాడి చూపాలి. కర్నూలు, కడపల నుంచి విజయవాడకు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి రోజూ విమానం ఉండాలి. మూడేళ్లతో చేతులు దులుపుకోకుండా కనీసం ఐదేళ్లు నడిపేలా సంస్థలతో ఒప్పందం చేసుకోవాలి. విమానాల వేళకు ఆర్టీసీ బస్సులు నడపాలి. రోజూ విమానం ఎగరని రన్‌వే ప్రజలకు ఒక్క కిలోమీటరు దూరం కూడా తగ్గించదు.