సెగ కనపడదు, కొలిచి చూపండి

ఆదోని జిన్నింగ్ మిల్లులో పత్తి దుమ్ము కంటికి కనపడుతుంది. కూలోళ్ల తల మీద, రెప్పల మీద తెల్లగా పేరుకుంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని ఫ్యాక్టరీల చట్టమే ఒప్పుకుంది. అయినా కనపడే దుమ్ము మీద నోరెత్తడానికే కూలీ జంకుతాడు. ఎత్తితే రేపటి పని పోతుంది. మరి కనపడని సెగ సంగతేంది?

ఎమ్మిగనూరులో మగ్గాలు మూలపడుతున్నాయి. వలసలు ఆగాలంటే ఫ్యాక్టరీలు రావాలని మనమే అడుగుతున్నాం. రానీండి. ఆహార సరుకులు, రబ్బరు, కలప ఆరబెట్టడానికి, వేడిచేయడానికి చాలా దేశాల్లో మైక్రోవేవ్ యంత్రాలు వాడుతున్నారు. రేపు మన పడమటి తాలూకాలకూ రావచ్చు. వాటికి మంట లేదు, పొగ లేదు. తరంగాలు సరుకులోని నీటిని కదిలించి లోపలే వేడి పుట్టిస్తాయి. సరుకు పోయే నోటి దగ్గరో, అరిగిన తలుపు సందులోనో అవి బయటికొస్తే? మనిషి ఒంట్లోనూ ఉండేది నీళ్లే. కంటి కటకానికి నెత్తురు పారదు, అక్కడ చేరిన వేడి తొందరగా పోదు. మోతాదు మించితే శుక్లం వచ్చే ప్రమాదం ఉంది.

భయపెట్టడం మా ఉద్దేశం కాదు. ఇది అణుధార్మికత కాదు. స్విచ్చి ఆపితే తరంగాలూ ఆగుతాయి. లీకేజీని చేతిలో పట్టే మీటరుతో కొలవొచ్చు. వంటింటి మైక్రోవేవ్ పొయ్యికే అమెరికా 1971లో హద్దు పెట్టింది: 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు దాటకూడదని. పదుల కిలోవాట్ల యంత్రం ముందు షిఫ్టంతా నిలబడే మన పిల్లోనికి ఆ హద్దు ఎవరు చూపిస్తారు?

అందుకే ముందే అడుగుతున్నాం. యంత్రంతో పాటు మీటరూ రావాలి. కార్మికుల ఎదుటే కొలవాలి, ఆ అంకె తెలుగులో గోడ మీద రాయాలి. తలుపు తీస్తే యంత్రం ఆగే ఏర్పాటును ఉత్పత్తి తగ్గుతోందని ఎవరూ తప్పించకూడదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఉచిత వైద్య పరీక్షల మాట చెబుతోంది. ఆ పరీక్షల్లో కళ్లూ చూడాలి, కాంట్రాక్టు కూలీల కళ్లు కూడా.

గుంటూరు మిరప చేలల్లో ఒళ్లు మండించుకొని వచ్చినోళ్లం. సొంతూర్లో పని దొరికిందని కళ్లు పోగొట్టుకోవాల్నా? పని మన హక్కు. ఆ పని ఒంటికి ఏం చేస్తోందో తెలుసుకోవడమూ మన హక్కే.