ఆటబొమ్మ కాదు, ఎగరేయడానికి చోటివ్వండి

రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 80 అంగుళాలు, జంట రెక్కలదైతే 60. 'జెయింట్ స్కేల్' రేడియో కంట్రోల్ విమానానికి అమెరికా అభిరుచిగాళ్లు పెట్టుకున్న కనీస కొలత ఇది. బాల్సా చెక్కతో అంత విమానం కట్టాలంటే గరిమనాభి ఎక్కడ పడాలో, రెక్క మీద భారం ఎంతో, రెక్క, తోక పలకలను కదిపే ఏ సర్వో మోటారు ఎంత గాలి ఒత్తిడిని తట్టుకుంటుందో లెక్క తేలాలి. తప్పితే నెలల శ్రమ నిమిషంలో నేలపాలు. ఏ పరీక్ష పేపరూ ఇంత నిక్కచ్చిగా దిద్దదు! ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవలేని తెలుగు రాష్ట్రాలు ఈ విద్యకు మైదానాలు కేటాయించాలి.

ప్రమాదం కాదా అంటే, ముమ్మాటికీ నిజం. పెట్రోల్ ఇంజన్, తిరిగే ప్రొపెల్లర్ ఉన్న పది కిలోల వస్తువు జనం మీద పడితే ప్రాణాలే పోవచ్చు. అందుకే ఊరిబయట, హద్దులున్న చోటు అడిగేది. బ్రిటన్‌లో 25 కిలోలు దాటిన నమూనాలను కట్టే దశలోనే అనుభవజ్ఞులు తనిఖీ చేస్తారు, ఆపై పరీక్షగా ఎగరేయిస్తారు. మన 2021 డ్రోన్ నిబంధనలు 25 కిలోల లోపు నమూనాలను కంటిచూపు మేరలో వినోదానికో చదువుకో ఎగరేస్తే టైప్ సర్టిఫికెట్ (ఆ నమూనా డిజైన్‌కు ఆమోదపత్రం) అడగవు. సడలింపు మంచిదే, తనిఖీ అలవాటు మాత్రం క్లబ్బులే చేసుకోవాలి. ఇక డబ్బున్నవాళ్ల సరదా అనే మాట ఒంటరిగా కొనేవాడికి వర్తిస్తుంది. ఒక కాలేజీ బృందం ఒకే విమానాన్ని ఏళ్ల తరబడి బాగుచేసుకుంటూ వాడుకోవచ్చు.